కదలని బండిలో బొబ్బిలి ప్రయాణం

ఆ బండి పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎత్తేవాళ్ళు మాత్రం తక్కువ లేరు. భిలాయిలో మా సెక్టారులో నాతో పాటు పెరిగినవాళ్ళు ఏ పెళ్ళిలోనో, ఏ రైలు ప్లాట్‌ఫారం మీదో కలుస్తారు. కుశల ప్రశ్నలు అయీ కాకముందే "మీ నాన్నగారి దగ్గర జపాన్ వ్యాన్ ఒకటి ఉండేది కదా, లోపల కుర్చీలు గుండ్రంగా తిరిగేవి" అంటారు. అవును, తిరిగేవి. వాళ్ళకి గుర్తున్నది ఆ కుర్చీలు. నాకు గుర్తున్నది వేరు. అదేమిటో చెప్పాలంటే ముందు బండి ఎలా ఉండేదో చెప్పాలి. లేకపోతే మా నాన్న దాన్ని చూసి ఎందుకంత మురిసిపోయాడో అర్థం కాదు.

అది తొంభైల నడిమి కాలం. మా వీధిలో స్కూటర్ ఉన్నవాడే గొప్పవాడు. కార్లు ఆఫీసర్ల బంగళాల ముందు తప్ప కనపడేవి కావు. అలాంటి చోట రోలింగ్ మిల్లులో ఫిట్టరు, మేడ మీద రెండు గదుల క్వార్టరులో కాపురం ఉండే మా నాన్న, ఎనిమిదిమంది కూర్చునే జపాన్ వ్యాను కొనడమంటే పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టే. దాన్ని మొదట రాయపూర్‌లో ఒక రైస్ మిల్లు యజమాని ఓడ మీద తెప్పించుకున్నాడట. ఆయన మోజు తీరాక వైశాలి నగర్‌లో ఒక కాంట్రాక్టరు చేతికొచ్చింది. ఆయన పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని కొన్నేళ్ళు ఊళ్ళు తిరిగి, అది మొరాయించడం మొదలుపెట్టగానే వదిలించుకోవాలని చూశాడు. విడిభాగాలు దొరకవని తెలిసి ఎవరూ ఆ దరిదాపులకు పోలేదు. మా నాన్న పోయాడు.

మీగడ రంగు బండి. నడుము చుట్టూ గోధుమరంగు చార. ఎడమ పక్కన పెద్ద తలుపు, లాగితే వెనక్కి జారేది. మూసేటప్పుడు చివరి జానెడు దూరం దానంతటదే మెల్లగా వెళ్ళి అతుక్కునేది. మా బ్లాకు పిల్లలు ఆ జానెడు దూరం చూడడానికే వచ్చేవారు. లోపలంతా ముదురు ఎరుపు మఖమల్. మధ్య వరసలో చేతులున్న కుర్చీలు రెండు, కింద మీట నొక్కితే వెనక్కి తిరిగి, వెనక సీటులో వాళ్ళకి ఎదురుగా కూర్చోవచ్చు. వెనక సీటు మడత విప్పితే మంచం అయ్యేది. కిటికీలకి కుచ్చుల తెరలు. పైకప్పులో ఒక అద్దం, దాని అటూ ఇటూ చల్లగాలి వచ్చే చిల్లులు, ఒక్కో చిల్లు పక్కన ఒక చిన్న దీపం. ముందు సీట్ల మధ్య ఒక పెట్టె ఉండేది, అందులో నీళ్ళ సీసా పెడితే చల్లబడేది. వెనక్కి నడిపితే పాట వచ్చేది. లోపల మీటల మీద రాతలన్నీ జపాన్ లిపిలో ఉండేవి. అందులో ఒకటి దేనికో చివరిదాకా మాకు తెలియలేదు.

దాని రోగాలు కూడా చెప్పాలి. ఇంజిను డ్రైవరు సీటు కిందే ఉండేది. ఎండాకాలం నడిపితే నాన్న ప్యాంటు వెనక భాగం పెనం మీద పెట్టినట్టు కాలిపోయేది. నీళ్ళు కారేవి. కాస్త దూరం పోగానే వేడెక్కేది. ఏ ముక్క పోయినా దుర్గ్‌లో దొరకదు, రాయపూర్‌లో దొరకదు, నాగపూర్‌లో మనుషులు దాన్ని చూసి నవ్వేవారు. పవర్ హౌస్ దగ్గర లేతు షాపులో తిప్పించి తెచ్చిన ముక్కలతో నాన్న దాన్ని బతికించేవాడు. అతని సెలవులన్నీ దాని కింద పడుకోవడానికే సరిపోయేవి. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని అమ్మ రోజూ అనేది.

ఇంత వెర్రి ఎందుకంటే, మామ్మ కోసం. మామ్మ అంటే మా నాన్న తల్లి.

భిలాయి ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో మామ్మ, తాత బొబ్బిలి దగ్గర పల్లె నుంచి వచ్చేశారు. తాత ఇనుము మోశాడు, మామ్మ మట్టి తట్టలు మోసింది. తర్వాత తాతకి ప్లాంటులో ఉద్యోగం దొరికింది, క్వార్టరు దొరికింది. వెనక బొబ్బిలిలో మామ్మకి మిగిలింది ఒక్కర్తే చెల్లెలు. వాళ్ళ తల్లి పురిట్లోనే పోతే ఆ పిల్లని చంకనేసుకుని పెంచింది మామ్మే. ఏటేటా రైలెక్కి వెళ్ళి చెల్లెల్ని చూసొచ్చేది. స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగాక ఆ రాకపోకలు ఆగిపోయాయి. కాసేపటికి మించి కూర్చోలేదు, మెట్లెక్కలేదు, రైలు పెట్టెలోకి ఎత్తితే నొప్పికి స్పృహ తప్పేది. మంచం మీద పడుకుని "మా సెల్లి ఏటి తిందో, ఏలగున్నాదో" అని గోడకి చెప్పుకునేది.

అందుకే నాన్న ఆ మడత విప్పే సీటు చూసి పడిపోయాడు. బండి ఇంటికి తెచ్చిన రోజు మామ్మ చెయ్యి పట్టుకుని "అమ్మా, ఇందలో పడుకోబెట్టి తీసుకెల్తాను. నీకు కుదుపు తెల్దు. చెల్లిని సూద్దువు గాని" అన్నాడు. ఎస్‌టీడీ బూత్‌కి వెళ్ళి, బొబ్బిలిలో చిన్న మామ్మ ఇంటి పక్క కిరాణా కొట్టుకి ఫోన్ చేసి, వస్తున్నామని చెప్పాడు. మామ్మ ఆ సాయంత్రం రెండుసార్లు అన్నం అడిగి తింది.

వెళ్ళలేదు. ముందు నీళ్ళు కారడం బాగుచెయ్యాలన్నాడు. తర్వాత ఏసీలో గ్యాస్ లేదన్నాడు. తర్వాత మిల్లులో మరమ్మతు పని, ఛుట్టీ దొరకలేదు. తర్వాత వానలు. ప్రతిసారీ కిరాణా కొట్టుకి ఫోన్ చేసి వచ్చే నెల అనేవాడు. దగ్గర ఊళ్ళకి మాత్రం బండి కదిలేది. మమ్మల్ని మైత్రీబాగ్ జూకి తీసుకెళ్ళాడు, రాజిమ్ జాతరకి తీసుకెళ్ళాడు. మా నాన్న చెడ్డవాడు కాదు, తల్లంటే ప్రాణం. కానీ ఆ దారిలో బండి ఆగిపోతే, అడవి మధ్యలో, తల్లి లోపల పడుకుని ఉంటే ఏం చెయ్యాలన్న భయం అతన్ని పట్టుకుంది. ఆ భయాన్ని బయటికి చెప్పకుండా గ్యాస్ మీద, వానల మీద పెట్టేవాడు.

ఒక మే నెలలో మామ్మ తిండి మానేసింది. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు చూసి, ఇంటికి తీసుకెళ్ళండి, ఇక్కడ ఉంచి లాభం లేదన్నాడు. తీసుకొచ్చాం. ఒళ్ళు పుల్లలా అయిపోయింది గానీ తెలివి చెక్కు చెదరలేదు. కళ్ళలో శుక్లాలు, అయినా మాట వినపడితే ఎవరిదో చెప్పేది. అడిగింది ఒకటే, చెల్లెల్ని చూపించమని.

పంతులు గారిని పిలిచారు. ఆయన ప్లాంటులో తూకం దగ్గర పనిచేసేవాడు, డ్యూటీ లేనప్పుడు పౌరోహిత్యం. ఆ రోజు షిఫ్ట్ దిగి నేరుగా వచ్చాడు, హెల్మెట్ తీసి కూలర్ ముందు పెట్టి, స్కూటర్ డిక్కీలోంచి తెచ్చిన పంచాంగం తిప్పాడు. తిప్పి, మామ్మ వైపు చూసి, నాన్నని బయట మెట్ల మీదకి పిలిచాడు. ధనిష్ఠ మొదలు రేవతి దాకా అయిదు నక్షత్రాలూ పంచకం, మంచివి కావు, రేపటినుంచే మొదలు, ఈ మధ్యలో ఇంట్లో ప్రాణం పోతే ఇల్లు మూసేసి నెలల తరబడి వదిలి పోవాలి, లేకపోతే ఇంట్లో ఇంకో ప్రాణానికి ముప్పు అన్నాడు. ఆ మాట తలుపు వెనక ఉన్న నాకు వినపడింది. నాకు నవ్వొచ్చింది. నాన్న మొహం చూశాక నవ్వు ఆగిపోయింది.

తాత పోయింది అలాంటి నక్షత్రంలోనేనట. కంపెనీ క్వార్టరు వదిలి చిన్నపిల్లలతో ఎక్కడికి పోతుందని మామ్మ అక్కడే ఉండిపోయింది. ఏడాది తిరక్కుండా నాన్న చెల్లెలు, పలకా బలపం పట్టే వయసు పిల్ల, జ్వరం వచ్చి పోయింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. ఆ రోజు మెట్ల మీద నాన్న నాకు చెప్పాడు, చెప్పి "నాకున్నది నువ్వొక్కర్తివే అమ్మలూ" అన్నాడు. నేనప్పుడు పన్నెండో తరగతి పరీక్షలు రాసి కూర్చున్నాను. లోకమంతా నాకే తెలుసన్న పొగరు మీదున్నాను. "జ్వరంతో పోయింది నాన్నా, నక్షత్రంతో కాదు" అన్నాను. అతను వినలేదు. చెల్లెల్ని చేతుల్లో పెట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తినవాడికి ఏం చెబుతాం.

కింది క్వార్టరులో ఉండే శ్రీకాకుళం పెద్దాయన ఉపాయం చెప్పాడు. ఊళ్ళో అయితే ఇలాంటప్పుడు మనిషిని తెచ్చి వీధరుగు మీద పడుకోబెడతారు, కప్పు కింద పోకుండా. మేడ మీది క్వార్టరుకి అరుగెక్కడిది? వరండా ఉంది గానీ అదీ కప్పు కిందే అన్నాడు పంతులు గారు. ఎండ చూస్తే కాకులు కూడా చెట్టు దిగడం లేదు. అప్పుడు నాన్న కిటికీలోంచి కిందకి, వేపచెట్టు కింద ఉన్న బండి వైపు చూశాడు.

"అందలో ఏసీ ఉన్నాది కదా," అన్నాడు. "ఇంట్లో కూలరు కన్నా సుఖంగా ఉంటాది."

పంతులు గారు తలూపాడు. పెద్దాయన అయితే మెచ్చుకున్నాడు కూడా. "అదృష్టవంతురాలండీ మీ అమ్మగారు, ఆఫీసర్ల తల్లులకి లేదు ఈ వైభోగం" అన్నాడు. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

మామ్మని కిందకి ఎలా దించాలి? ఏమని చెప్పి? ఇల్లు దాటించి పడుకోబెడుతున్నామంటే మామ్మకి తెలియదా, ఆవిడ అలాంటివి ఎన్ని చూసిందో. నాన్న గదిలోకి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు. "అమ్మా, బొబ్బిలి ఎల్దాం" అన్నాడు.

మామ్మ మొహం నాకు గుర్తు రాకుండా ఉంటే బాగుండును. "ఈపాలి నిజంగానే?" అంది. నిజంగానే అన్నాడు. తల దువ్వమంది. నీలం అంచు చీర కట్టమంది. చేతులకి గాజులు నిలవడం లేదు, అయినా వెయ్యమంది. చెల్లెలికి ఉత్త చేతులతో పోతానేటని, పక్క క్వార్టరు ఛత్తీస్‌గఢీ ఆవిడ చేత ఖుర్మీలు చేయించమంది. ఆవిడ పాపం ఏమీ తెలియక, గోధుమపిండి, బెల్లం కలిపి డబ్బా నిండా వేయించి తెచ్చింది. అమ్మ ఆ డబ్బా అందుకుని వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది. అత్త చచ్చిన ఆరు నెలలకి కోడలికి కన్నీళ్ళొచ్చాయని సామెత. మా అమ్మకి అత్త బతికుండగానే వచ్చాయి.

మర్నాడు పొద్దున్నే కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుంటూ దించారు. మడత విప్పిన సీటు మీద, మఖమల్ మీద దుప్పటి పరిచి పడుకోబెట్టారు. తెరలు మూశారు. నాన్న బండి తీశాడు. ప్రయాణం అనిపించాలి కదా, సెక్టారు మార్కెట్ దాకా వెళ్ళి, స్కూలు చుట్టూ తిరిగి, తెచ్చి అదే వేపచెట్టు కింద పెట్టాడు. ఇంజిను మాత్రం ఆపలేదు. అది అక్కడే నిలబడి గజగజలాడుతూ ఉంది. నాన్న దిగి, చప్పుడు కాకుండా తలుపు వేసి, అమ్మకీ నాకూ చేత్తో సైగ చేసి మిల్లుకి డ్యూటీకి పోయాడు.

అమ్మ మామ్మ తల దగ్గర తిరిగే కుర్చీలో కూర్చుంది. నేను రెండో కుర్చీలో. మామ్మ పెదాలు తడుపుకుని "ఎక్కడికొచ్చినామే కోడలా?" అంది. నేను అమ్మ వైపు చూశాను. అమ్మది పార్వతీపురం. పెళ్ళయినప్పటినుంచి ఆ లైను మీద రైల్లో ఎన్నిసార్లు తిరిగిందో, స్టేషన్లన్నీ నిద్రలో కూడా చెప్పగలదు. తెర వైపు చూస్తూ "రాయపూర్ దాటినాం అత్తా" అంది.

అలా మొదలైంది. పొద్దున్న రాయపూర్ దాటింది, మధ్యాహ్నానికి మహాసముంద్. ఇంజిను వేడెక్కకుండా మధ్యలో ఆపాల్సి వచ్చేది. "ఆగిందేటి?" అనేది మామ్మ. "గేటు పడింది అత్తా, గూడ్సు పోతంది" అనేది అమ్మ. గూడ్సు పోయేదాకా, అంటే ఇంజిను చల్లబడేదాకా, నేను విసనకర్ర విసిరేదాన్ని. మళ్ళీ ఇంజిను వేసుకునేవాళ్ళం. తిండి పైనుంచి గిన్నెల్లో తెచ్చి హోటలు అన్నం అని పెట్టేవాళ్ళం. రెండు ముద్దలు మింగి "ఉప్పు నీ సేతి ఉప్పులాగే ఉన్నాది" అనేది. రాత్రికి ఖరియార్ రోడ్‌లో తెలిసినవాళ్ళ ఇంటి ముందు ఆపుకున్నామని అమ్మే చెప్పింది. బండిలో నిద్రపోయింది తనూ అక్కడే, కింద కాళ్ళు పెట్టుకునే చోట చాప వేసుకుని.

పక్క క్వార్టరు ఆవిడ బాసీ తెచ్చిచ్చింది, ఎండకి మంచిదని, గంజిలో నానిన అన్నం. బండి తలుపు దగ్గర నిలబడి, గొంతు తగ్గించి "గాడీ మ కాబర్ సుతాయ్ హవ్ దీదీ?" అంది. బండిలో ఎందుకు పడుకోబెట్టారు అని. అమ్మ ఏదో ఆచారం అంది. ఆవిడ లోపలికి చూసింది, మా మామ్మ కాళ్ళకి దండం పెట్టుకుంది, ఇంకేం అడగలేదు. ఆవిడకి ఏ నక్షత్రమూ తెలియదు, కానీ తప్పు జరుగుతోందని తెలిసినట్టే ఉంది.

నాన్న డ్యూటీ దిగి వచ్చినప్పుడల్లా ముందు సీటెక్కి, "అమ్మా, బాగున్నావా, తోవ బాగున్నాది" అనేవాడు. అతను స్టీరింగ్ పట్టుకునే మాట్లాడేవాడు, వెనక్కి తిరిగి తల్లి మొహం చూసేవాడు కాదు. నేను భరించలేకపోయాను. ఒక సాయంత్రం అతను చెట్టు అవతల చేతులు కడుక్కుంటుంటే వెళ్ళి నిలదీశాను. బండి ఎలాగూ రోజంతా నడుస్తోంది, నిలబడి తాగుతున్న ఈ డీజిలుతో బొబ్బిలి వెళ్ళి రావొచ్చు, నిజంగానే ఎందుకు తీసుకెళ్ళవు అన్నాను. "దారిలో పోతే?" అన్నాడు. పోతే పోతుంది, చెల్లెలి వైపు పోతూ పోతుంది కదా అన్నాను. నాన్న చేతులు తుడుచుకుని, "రాయగడ ఘాటీలో బండి ఆగి, అమ్మ పోయి, నేను ఒక్కణ్ణీ... ఇంక నావల్ల కాదమ్మా" అన్నాడు. అతను ఏడుస్తాడేమోనని నాకు భయం వేసి ఊరుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను, ఊరుకోకపోతే ఏమయ్యేదో.

మర్నాడు పొద్దున్న అమ్మ కాంటాబంజి అని చెప్పింది. ఇంజిను అప్పటికింకా వెయ్యలేదు, గేటు పడిందన్నాం. మా వీధిలో రోజూ ఆకుకూరలు అమ్మే ముసలావిడ బుట్ట నెత్తిన పెట్టుకుని అటుగా వచ్చింది. "లాల్ భాజీ, చెంచ్ భాజీ" అని బండి పక్కనే కేకేసింది. ఆ గొంతు మామ్మ ఇరవై ఏళ్ళు విన్న గొంతు. దానితో మేడ మీంచి బేరమాడి తిట్టుకుని, మళ్ళీ పిలిచి కొన్న గొంతు.

అమ్మ కొయ్యబారిపోయింది. మామ్మ కళ్ళు మూసుకునే ఉంది.

"ఈ భాజీ ముసల్ది కాంటాబంజి దాకా మన ఎనకాలే నడిసొచ్చిందేటే, పాపం," అంది.

నేను మామ్మ చెయ్యి పట్టుకున్నాను. మామ్మ మెల్లగా నవ్వింది. "తొల్రోజే తెలిసిందర్రా. మార్కెట్టు మలుపు, స్కూలు కాడ గొయ్యి, నాకు తెల్దేటి. పంచకమేనా?" అంది. అమ్మ అవునంది. "అనుకున్నాను" అంది మామ్మ. తర్వాత అమ్మని దగ్గరకి వంగమంది.

"ఆణ్ణి ఏటీ అనకండి. ఆడికి పిల్ల బెంగ. నాను పిల్లని పోగొట్టుకున్నదాన్ని, ఆడి బెంగ నాకు తెల్దా? ఆ ఇంట్లో ఉండిపోవద్దని అప్పుడు నాకెవులూ సెప్పలేదు. సెప్పుంటే నాను మాయమ్మనైనా సెట్టు కిందెట్టుదును. నాకు తెలిసిందని ఆడికి సెప్పకండి. కుమిలిపోతాడు."

నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. ఎవరిమీద కోపపడాలో తెలియలేదు. మామ్మ మీద కూడా వచ్చింది, ఇంత తేలిగ్గా వదిలేసినందుకు. "మరి చిన్న మామ్మని చూడొద్దా నీకు?" అన్నాను. మామ్మ మొహం అటు తిప్పుకుంది. "అదొక్కటే" అంది. అమ్మ మాత్రం మానలేదు. నాన్న ముందు సీటెక్కినప్పుడల్లా కేసింగ, మునిగూడ అంటూ స్టేషన్లు చెబుతూనే ఉంది. ఇప్పుడు మామ్మ కూడా "అలాగా, బేగినే వచ్చేసినాం" అని బదులు చెప్పేది, ముందు సీటుకి వినపడేట్టు.

మామ్మ పోలేదు. పంతులు గారి నక్షత్రాలన్నీ ఒకటొకటిగా దాటిపోయాయి, మామ్మ ఊపిరి తీస్తూనే ఉంది. రేవతి వెళ్ళిపోయిన పొద్దున్న ఆయన డ్యూటీకి పోతూ స్కూటర్ ఆపి, ఇంక పైకి తీసుకెళ్ళొచ్చని చెప్పి వెళ్ళిపోయాడు. పెద్ద పని ఒకటి తెమిలినట్టు అందరూ కదిలారు. కుర్చీ తెచ్చారు. నాన్న జారుడు తలుపు లాగాడు. లాగి, అలాగే నిలబడిపోయాడు.

అప్పుడు తెలిసింది అతనికి. బొబ్బిలి తీసుకెళ్తున్నానని ఎక్కించాడు. ఇప్పుడు ఏమని దింపుతాడు? బొబ్బిలి వచ్చిందంటే చెల్లెలు ఏదీ అంటుంది. రాలేదంటే ఎందుకు దింపుతున్నావంటుంది. ఇన్ని రోజుల్లో ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే మామ్మ ఈ తలుపులోంచి బతికి దిగుతుందని ఎవరూ అనుకోలేదు. నాన్న అమ్మా అన్నాడు, ఆగిపోయాడు.

మామ్మ కళ్ళు తెరిచి కొడుకు ఉన్న వైపుకి చూసింది.

"సెల్లిని సూసేసాన్రా," అంది. "బాగున్నాది. నా కాడ కూకుంది, సెయ్యట్టుకుంది. ఇంక ఇంటికి ఎల్లిపోదాం పద నాయనా."

నాన్న మెట్టు మీద కూలబడి తల్లి కాళ్ళ మీద తల పెట్టుకుని భోరుమన్నాడు. అతనికి అది దేవుడు చేసిన మేలులా ఉంది. కలలో కనపడింది, దర్శనమైంది, నా తల్లి కోరిక తీరింది అని అక్కడున్న ప్రతివాడికీ చెప్పాడు. మామ్మ అతని జుట్టు నిమురుతూ ఉంది. అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. మామ్మని పైకి మోసుకెళ్ళి తన మంచం మీద పడుకోబెట్టాం. ఆ వారంలోనే ఒక సాయంత్రం, మంచి నక్షత్రంలో, అమ్మ చేతిలో నీళ్ళు తాగుతూ పోయింది. ఇల్లు మూయనక్కర్లేదు. క్వార్టరు క్వార్టరులాగే ఉంది, నేను నేనులాగే ఉన్నాను, చూస్తున్నారుగా.

కిరాణా కొట్టుకి కబురు వెళ్ళింది. పెద్దకర్మ నాటికి చిన్న మామ్మ వచ్చింది. కొడుకుని వెంటబెట్టుకుని రైల్లో వచ్చింది. మామ్మనే కాస్త పొట్టిగా, కాస్త నల్లగా చేసినట్టు ఉంది. నడవగలదు, దుర్గ్ స్టేషన్‌లో మెట్లన్నీ తనే ఎక్కి దిగింది. ఏడవలేదు. పైకొచ్చి అక్క పడుకున్న మంచం మీద కూర్చుని, పరుపు మీద అరచేత్తో రాస్తూ ఉండిపోయింది.

భోజనాలయ్యాక నాన్న ఆవిణ్ణి కిందకి తీసుకెళ్ళి బండి చూపించాడు. తలుపు జార్చాడు, ఏసీ వేశాడు. నేనూ అమ్మా వెనకే వెళ్ళాం. "ఇదిగో పిన్నీ, ఇక్కడే పడుకున్నాది. కుదుపు లేదు, ఎండ లేదు. ఆకరికి నీ దగ్గరకే వచ్చీసింది మా అమ్మ. నిన్ను సూసాను, సెయ్యి పట్టుకున్నాను అని తనే సెప్పింది. ఆ తృప్తితోనే పోయింది" అన్నాడు. చెబుతుంటే నాన్న కళ్ళు మెరుస్తున్నాయి. అతను నమ్ముతున్నాడు. చనిపోయేదాకా నమ్మాడు కూడా.

చిన్న మామ్మ మఖమల్ సీటు మీద కూర్చుంది. పైకి చూసింది, చల్లగాలి చిల్లుల వైపు. "నాను రైలెక్కి వచ్చీయగల్దును నాయనా," అంది. "ఎన్నిపాల్లో మూటగట్టుకున్నాను. నువ్వు ఫోన్ సేసి రావద్దు పిన్నీ, నానే తెస్తన్నాను అంటే ఇంటికాడ ఉండిపోనాను. తోవలో ఉంటారు, నాను లేకపోతే ఏలగ అని. గుమ్మంలో కూకోని రోడ్డుకేసి సూసేదాన్ని."

ఆవిడ గొంతు పెంచలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

"అది నన్ను సూసేసిందంతన్నావు, మంచిదే. మరి నాను దాన్ని ఎప్పుడు సూడాలి?"